గంగల దునికిన పిల్లగాడు

జర దగ్గరికి జరుగుండ్రి. చిన్నోడా, ఆ ఇప్ప మొద్దును ముందుకు నూకు, పొగ చెల్లె కండ్లల్లకు పోతున్నది. ఇయ్యాల మీరు ఇంద్రావతిల ఆ ఒడ్డుకు ఎవలు ముందు పోతరని పందెం కాసుకున్నరట గదా. మీ అమ్మ తిట్టనే తిట్టింది, ఇగ నేనేం అన. ఈత పందెం మాట వచ్చింది కాబట్టి నా సదువుకునే రోజుల నాటి ముచ్చటొకటి చెప్త, వినుండ్రి.

అప్పుడు నేను జగదల్‌పూర్‌ల ఉంటుంటి. మన భోపాలపట్నం నుంచి అంత దూరం సదువుకు పోయినోళ్ళు తక్కువ. పొద్దున లేస్తే దళపత్ సాగర్‌ల తానం. ఓరుగల్లు కాకతీయుల వంశమోళ్ళమని చెప్పుకున్న రాజులల్ల దళపత్ దేవ్ తవ్వించిన చెరువది, సముద్రం తీరుగ ఉంటది. ఆ ఒడ్డుకే ఒక బెంగాలీ పెద్దాయన వస్తుండె. 1958ల దండకారణ్యం ప్రాజెక్టు పెట్టి, తూర్పు బెంగాల్ నుంచి ఇండ్లూ వాకిండ్లూ ఇడిసి వచ్చినోళ్ళకు పరల్‌కోట్ దిక్కు, కొండగావ్ దిక్కు భూములిచ్చిండ్రు. గట్ల వచ్చినోడే ఈయన. నీళ్ళల్ల పుట్టి పెరిగిన మనిషిని తెచ్చి అడివిల పెడితే ఎట్లుంటది? దినాం గంటసేపు ఆ చెరువు దిక్కు చూసుకుంట కూసుంటుండె. మేం ఈదుతుంటే చూసి ఒకనాడు అడిగిండు: "సచిన్ నాగ్ ఎవలో తెలుసునా?" తెల్వదన్నం. అయ్యో అని తల కొట్టుకొని మమ్ముల కూసోబెట్టి చెప్పిండు.

సచిన్ నాగ్ కాశీల పుట్టిండు, 1920ల. పదేండ్ల పిల్లగాడు. గాంధీ పిలుపుతోటి ఊరూరా జనం రోడ్డెక్కిన కాలమది. కాశీల గంగ ఒడ్డున మంది జమైతే పోలీసులు లాఠీలు పట్టుకొని మీద పడ్డరు. ఈ పిలగాడు ఎటు ఉరుకుతడు? గంగల దునికిండు. అదే టైముకు నదిల ఈత పందెం నడుస్తున్నది, పది కిలోమీటర్ల పందెం. ఈతగాళ్ళ నడుమల కలిసిపోయి, ఇగ ఆగితే దొరుకుతనని ఈదుకుంటనే పోయిండు. ఆఖరుకు చూస్తే మూడో నంబరు. పేరు రాయించుకోని పిలగాడు పేరు రాయించుకున్న పెద్దోళ్ళను దాటిండు.

నవ్వుతున్నరు గని, జర ఆలోచించుండ్రి. పది కిలోమీటర్లు. గంత దూరం ఈదేటి దమ్ము ఎక్కడిది? దినాం గంగల పడి పెరిగినోడు గనుక వచ్చింది.

గని వట్టి నది చాలలేదు, మనుమడా. పెద్దయినంక కలకత్తా పోయి, హట్‌ఖోలా క్లబ్బుల చేరి ఈత పద్ధతి నేర్సుకున్నడు. 1947ల కలకత్తాల కొట్లాటలు జరుగుతుంటే కాలుకు తూటా తాకింది. మంచిగ నడవాలంటేనే శానా కాలం పడుతదని డాక్టర్లు అన్నరు. ఏడాది తిరిగే వరకు ఆ కాలుతోనే 1948 లండన్ ఒలింపిక్స్‌కు పోయిండు. వంద మీటర్లు ఈదిండు, వాటర్‌పోలో ఆడిండు.

ఆయనకు అసలు దినం వచ్చింది 1951 మార్చిల. ఢిల్లీల మొదటి ఆసియా ఆటలు. పదకొండు దేశాలు వచ్చినయి. స్వరాజ్యం వచ్చి నాలుగేండ్లు నిండలే, మన దేశం పది దేశాలోళ్ళను ఇంటికి పిలిచి పండుగ చేసింది. ఈతల సింగపూర్ పిల్లగాడు నియో చ్వీ కాక్ దూరపు పందేలన్నీ ఎత్తుకపోయిండు, 400, 800, 1500 మీటర్లు, మూడింట్ల బంగారమే. వంద మీటర్ల ఫ్రీస్టైల్ మాత్రం మన సచిన్ నాగ్‌ది. ఒక్క నిమిషం నాలుగు సెకన్ల ఏడు పదోవంతులు. ఆసియా ఆటలల్ల మన దేశానికి అందిన మొట్టమొదటి బంగారు పతకం అదే.

ఆ మాట చెప్పంగ బెంగాలీ పెద్దాయన లేసి నిలబడ్డడు. ఎందుకు నిలబడ్డడో అడగలే. నాకూ నిలబడబుద్దయింది.

ఇగ నా కండ్లతోని చూసింది చెప్త. 2003 అక్టోబర్‌ల హైదరాబాద్‌ల ఆఫ్రో ఏషియన్ ఆటలు పెట్టిండ్రు. పెద్దల్లుడు ఆడనే ఉంటుండె, పండుగకు రమ్మన్నడు, ఆ ఏడు దీపావళి ఆటల నడుమనే వచ్చింది. అప్పటికి ఇంద్రావతి మీద ఈ వంతెన లేదు. తిమేడు కాడ పడవెక్కి ఆ ఒడ్డుకు, సిరొంచ దాంక జీపు, గోదారి మళ్ళ పడవ, కాళేశ్వరంల దిగి బస్సు. పోయిన మర్నాడే గచ్చిబౌలి పోదామని పట్టుబట్టిన. ముందటేడు జాతీయ క్రీడల కోసం కట్టిన కొలను అది. లోపలికి పోంగనే మందు వాసన. నీళ్ళు నీలంగ ఉన్నయి, అడుగున నల్ల గీతలు, పైన దారికి దారికి నడుమ బిళ్ళలు గుచ్చిన తాడు. గోడకు అయిదు మీటర్ల ముందుగాల నెత్తి మీద జెండాల తోరణం. అదెందుకని అల్లున్ని అడిగిన. ఎల్లకిల ఈదేటోళ్ళకు గోడ కనవడదు, జెండాలు చూసి ఎన్ని చేతులేస్తే గోడ తాకుతరో లెక్క పెట్టుకుంటరట.

పెద్ద విజిల్ కొట్టంగనే అందరూ దిమ్మెల మీదికెక్కిండ్రు. వంగి వేళ్ళతోని దిమ్మె అంచు పట్టుకున్నరు. సప్పుడు లేదు. బజరు మోగంగనే నీళ్ళల్ల పడ్డరు. నేను ఎవలు ముందున్నరని చూడలే, గోడ దిక్కే చూసిన. దక్షిణాఫ్రికా పిల్లగాడొకడు, పక్క దారిల మనోడు, ఇద్దరూ సరిసమానంగ వస్తున్నరు. గోడకు చేరంగనే ఆ పిల్లగాడు ముడుచుకొని బోర్ల తిరిగిండు, పాదాలు గోడకు తాకిన సప్పుడు నాకు ఇనపడ్డది, విల్లు నుంచి ఇడిసిన బాణం లెక్క నీళ్ళ కిందనే సాగిండు. మనోడు కూడ తిరిగిండు. గని ఇద్దరూ పైకి తేలే వరకు నడుమ ఒక మనిషి నిడుపు తేడా. చేతులు ఇద్దరివీ ఒకే తీరుగ ఆడుతున్నయి. తేడా గోడ కాడనే వచ్చింది.

అప్పుడు నాకు మన ఏరు యాదికొచ్చింది. మనం ఎట్ల ఈదుతం? తల పైకెత్తి ఈదుతం. ఎత్తకపోతే ఎట్ల? కొట్టుకొచ్చే మొద్దులు చూడాలె, సుడి చూడాలె, ఒడ్డున గుర్తు పెట్టుకున్న చెట్టు చూడాలె. వానాకాలం పారకానికి ఎదురు పోవద్దు, ఏటవాలుగ కోసుకుంట పోవాలె, దిగిన కాడికి ఫర్లాంగు కింద తేలినా పరువాలేదు, తేలుడు ముఖ్యం. గిదంతా ప్రాణం కాపాడే ఈత. పడవ నడిపేటోళ్ళ పిల్లలకు నడక కన్న ముందు ఇదే వస్తది. గని తల పైకెత్తితే కాళ్ళు కిందికి దిగుతయి, కాళ్ళు దిగితే నీళ్ళు అడ్డం పడుతయి. కొలనుల అదే నష్టం. అక్కడ మొద్దు రాదు, సుడి రాదు. మొఖం నీళ్ళల్ల పెట్టి, కింది నల్ల గీత చూసుకుంట, పక్కకు తిప్పి ఊపిరి తీసుకోవాలె. మన పిల్లల దమ్ము తక్కువ కాదు. గోడ చూపించినోడు లేడు, గడియారం పట్టి నిలబడ్డోడు లేడు. సచిన్ నాగ్‌కు కలకత్తా క్లబ్బు దొరికింది. ఇంద్రావతి ఒడ్డున, శబరి ఒడ్డున ఈదే పిల్లలకు ఏం దొరికింది? నాకు కోపం వచ్చేది గక్కడనే.

ఏందమ్మా? ఆయన తర్వాత ఎవలన్న బంగారం తెచ్చిండ్రా అని గదా? ఆసియా ఆటల ఈతల ఇప్పటిదాంక ఎవలూ తేలే. 1951 సంది 1986 దాంక, ముప్పై అయిదేండ్లు, ఒక్క పతకం కూడ లేదు. సియోల్‌ల ఖజాన్ సింగ్‌కు 200 మీటర్ల బటర్‌ఫ్లైల వెండి వచ్చింది. ఆయన కూడ ఢిల్లీ మునిర్కా ఊరి చెరువుల ఈత నేర్సినోడే, చూడుండ్రి. 2010ల గ్వాంగ్‌జౌల వీర్‌ధవల్ ఖాడేకు, 2014ల ఇంచియోన్‌ల సందీప్ సెజ్వాల్‌కు కంచు. అంతే. లోకం ఎంత ముందుకు పోయిందంటే, 2024 పారిస్ ఒలింపిక్స్‌ల చైనా పిల్లగాడు పాన్ జాన్‌లే అదే వంద మీటర్లు 46.40 సెకన్లల ఈదిండు.

సచిన్ నాగ్ 1987ల పోయిండు. బతికున్నన్నాళ్ళు దేశం ఆయనకు పెద్ద బిరుదేదీ ఇయ్యలే. 2020ల, పోయిన ముప్పై మూడేండ్లకు, ధ్యాన్‌చంద్ పురస్కారం ప్రకటించిండ్రు. పేపర్ల ఆ వార్త చదివిననాడు నాకు సంతోషం కన్న దుఃఖమే ఎక్కువైంది. గా బెంగాలీ పెద్దాయన ఉంటే ఏమనేటోడో.

సరే, పొద్దుపోయింది. రేపు పొద్దెక్కి నీళ్ళు జర వేడయినంక ఊరి చెరువు కాడికి రండ్రి, అమ్మకు చెప్పే రండ్రి. మెట్ల కాడ నడుము లోతుల నిలబెట్టి మొఖం నీళ్ళల్ల పెట్టుడు నేర్పిస్త. ముందుగాల ఊపిరి ఇడుసుడు, తర్వాత చేతులు. చిన్నోడా, నీ చేతి గడియారం తెచ్చుకో, సెకన్ల ముల్లు ఉన్నది.