ఇరవై నాలుగు సెకన్ల విజువల్

అమృత్‌సర్‌ విమానాశ్రయం బయట, బారికేడ్లకు ఇవతల నిలబడ్డారు మీరు. 2025 ఫిబ్రవరి 5, బుధవారం. భుజాన ట్రైపాడ్‌, చేతిలో ఛానెల్‌ లోగో తగిలించిన మైకు, జేబులో ఆగకుండా మోగుతున్న ఫోను. అసలు ఈపాటికి మీరు ఢిల్లీలో ఏ పోలింగ్‌ బూత్‌ ముందో ఉండాలి. అక్కడ అసెంబ్లీ ఎన్నికల ఓటింగ్‌ నడుస్తోంది. రాత్రికి రాత్రి డెస్క్‌ నుంచి కబురొచ్చింది: అమెరికా మిలిటరీ విమానంలో మనవాళ్లను తిప్పి పంపిస్తున్నారు, బయల్దేరు.

ఎండ వచ్చినా చలి వదల్లేదు. పంజాబీ ఛానెళ్లవాళ్లు తెల్లారకముందే మంచి జాగాలు పట్టేసుకున్నారు. గోడ మీదుగా రన్‌వే కొస కనిపించే చోట నలుగురు కెమెరామెన్లు ఒకే బల్ల మీద నిలబడి ఉన్నారు. మిమ్మల్ని చూసి కాస్త జరిగారు, అంతే.

ఫోన్‌. హైదరాబాద్‌.

“తమ్ముడూ, దిగిందా?”

“ఇంకా లేదన్నా.”

“ఎంతమంది?”

“205 అంటున్నారు.”

“ఎవరు అంటున్నారు?”

మీరు చుట్టూ చూస్తారు. అందరూ అంటున్నారు. పక్కవాడి స్క్రోలింగ్‌ చూసి ఇతను, ఇతని లైవ్‌ చూసి ఇంకొకడు. పొద్దుట్నుంచీ ఆ అంకె అలా చేతులు మారుతూనే ఉంది.

“సరేగానీ, మనోళ్లెవరైనా ఉన్నారేమో కనుక్కో.”

మనోళ్లంటే తెలుగువాళ్లు. ఆ ప్రశ్నకు జవాబును బట్టే ఈ వార్త బులెటిన్‌లో మొదట ఉంటుందా, క్రికెట్‌కు ముందు ఉంటుందా అన్నది తేలుతుంది. అన్నను తప్పు పట్టలేం. ఆయన మీదా ఇంకొకరు ఉన్నారు.

ఈలోపు వాట్సాప్‌ గ్రూపులో ఒక ఫొటో పడుతుంది. విమానం లోపల వరసగా కూర్చున్న మగవాళ్లు. మూతికి మాస్కులు, చేతులకు బేడీలు, కాళ్లకు గొలుసులు. ఎవరు తీశారో, ఎక్కడ తీశారో రాసి లేదు. మీరు దాన్ని తేరిపార చూసేలోగానే అది మీ ఛానెల్‌ తెర మీదికి ఎక్కేసింది. బేడీల చుట్టూ ఎర్ర సున్నా గీసి, కింద ‘భారతీయులకు సంకెళ్లు’ అని కొట్టారు.

రెండు కావస్తుండగా వచ్చింది విమానం. సీ-17. నాలుగు ఇంజిన్లు, బూడిదరంగు ఒళ్లు, కిటికీలు కూడా పెద్దగా లేని కడుపు. యుద్ధట్యాంకులు మోయడానికి కట్టిన బండి. అమెరికా నుంచి వస్తోంది. బల్ల మీది నలుగురూ ఒక్కసారిగా జూమ్‌ లాగారు. మీకు తోక భాగమే దొరికింది. తోక చాలు. రాబోయే ఆరు గంటలు ఆ తోకే తెర మీద తిరుగుతుంది.

లోపలికి మీడియాను రానివ్వరు. గంటలు గడుస్తాయి. బయటికి పొక్కిన లెక్క 205 కాదు, 104. హరియాణా 33, గుజరాత్‌ 33, పంజాబ్‌ 30, మహారాష్ట్ర 3, ఉత్తరప్రదేశ్‌ 3, చండీగఢ్‌ 2. మీరు ఆ జాబితాను డెస్క్‌కు చదివి వినిపిస్తారు. అవతల ఒక క్షణం మౌనం.

“అంటే మనోళ్లు లేరన్నమాట.”

వార్త క్రికెట్‌ పక్కకు జరిగింది.

ఆ రోజే ఇంకో సంగతి జరుగుతుంది. ప్రభుత్వ పత్రికా సమాచార సంస్థ పీఐబీకి ఫ్యాక్ట్‌చెక్‌ విభాగం ఒకటి ఉంది కదా, వాళ్లు ఆ బేడీల ఫొటో మీద ‘ఫేక్‌’ ముద్ర వేశారు. అందులో ఉన్నది భారతీయులు కాదు, గ్వాటెమాలాకు పంపేసినవాళ్లు. నిజమే, వాళ్లే. డెస్క్‌ కంగారుగా ఫొటో తీసేసింది. సున్నా పోయింది, బేడీలు పోయాయి. ‘సంకెళ్ల ప్రచారంలో నిజం లేదు’ అనే కొత్త పట్టీ వచ్చింది. ఫొటో తప్పయితే బేడీలు కూడా తప్పే కావాలని ఎవరూ అనలేదు. కానీ పట్టీకి అంత చోటు ఉండదు.

పోలీసు బండ్లు కదులుతాయి. అద్దాల వెనక తలలు వంచుకున్న మనుషులు, ముఖానికి శాలువా అడ్డం పెట్టుకున్న ఒకామె. మైకులు అద్దానికి తగులుతాయి. మీదీ తగులుతుంది. “ఎలా ఫీలవుతున్నారు?” అని ఎవరో హిందీలో అరుస్తున్నారు. ఆ అరిచింది మీరు కాదని మీరు గట్టిగా చెప్పగలరా?

చీకటి పడ్డాక ఒక ఊళ్లో ఉంటారు. వెనక రెండు గేదెలు, ముందు సగం కట్టి ఆపేసిన మేడ. పెద్దామె మిమ్మల్ని “పుత్తర్‌” అంటూ మంచం మీద కూర్చోబెట్టి టీ ఇస్తుంది. కొడుకు గోడకు ఆనుకుని నిలబడ్డాడు. మణికట్టు రుద్దుకుంటూ మాట్లాడతాడు. ఆ రాత్రి వేరే వేరే ఊళ్లలో వేరే వేరే మైకుల ముందు చాలామంది చెబుతున్నదే అతనూ చెబుతున్నాడు. ఇంకో క్యాంపుకు మారుస్తున్నారనే అనుకున్నారట. ఇండియా పోతున్నామని దారిలోనే తెలిసిందట. దాదాపు నలభై గంటలు చేతులకు బేడీలు, కాళ్లకు గొలుసులు. తిండి కూడా బేడీలతోనే. విప్పింది అమృత్‌సర్‌లో దిగాకే.

అంతకుముందు కథ ఇంకా పెద్దది. దక్షిణ అమెరికాలో దిగడం, కొలంబియా, పనామా మధ్య దారియన్‌ అడవిని కాలినడకన దాటడం, గ్వాటెమాలా, మెక్సికో, చివర్న గోడ. దీన్నే అక్కడ డంకీ అంటారు. షారుఖ్‌ ఖాన్‌తో అదే పేరున 2023లో సినిమా కూడా వచ్చింది. అడవిలో దారి పక్కన శవాలు చూశామని చెప్పినవాళ్లు ఉన్నారు. ఏజెంటుకు కట్టింది నలభై లక్షలా, యాభై లక్షలా అన్నది ఇంటింటికీ మారుతుంది. పొలం అమ్మడం మాత్రం మారదు.

మీ ఫోన్‌ మళ్లీ మోగుతుంది. “అమ్మ ఏడుస్తున్న షాట్‌ ఉందా?”

అమ్మ ఏడవడం లేదు. కప్పులు కడుగుతోంది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఆ ఊరికి వచ్చేటప్పుడు మీరు దాటొచ్చిన టౌన్లో రోడ్డుకు రెండు పక్కలా మేడల మీద బోర్డులే బోర్డులు. ఐఈఎల్‌టీఎస్‌ కోచింగ్‌, స్టడీ వీసా, వర్క్‌ పర్మిట్‌, గ్యారంటీ. అమీర్‌పేటలో పెరిగిన కళ్లకు అది పరాయి దృశ్యమేమీ కాదు. మీ కారు వాటి కిందుగానే వచ్చింది. అందరి కార్లూ వచ్చాయి. ఏ కెమెరా పైకి లేవలేదు. నలభై లక్షలు తీసుకున్నవాడి ముఖం ఆ వారమంతా ఏ ఛానెల్లోనైనా ఎంతసేపు కనిపించిందో తలుచుకోండి. పట్టుబడినవాడు తెర నిండా, పంపినవాడు తెర బయట.

ఇప్పుడు ఆ వీడియో. అమెరికా బోర్డర్‌ పెట్రోల్‌ అధిపతి మైకేల్‌ బ్యాంక్స్‌ ఎక్స్‌లో పెట్టారు. ఇరవై నాలుగు సెకన్లు. రాత్రివేళ, సీ-17 వెనక తలుపు నేలకు వాలి ఉంటుంది. లోపల దీపాల వెలుగు. వరసగా మనుషులు ఎక్కుతుంటారు. కెమెరా కిందికి దిగి కాళ్లను పట్టుకుంటుంది. గొలుసు పొడవు ఎంతో అడుగు అంతే పడుతుంది. దాని మీద సినిమా ట్రైలర్‌ లాంటి సంగీతం. రాత వంచన లేకుండా సూటిగా ఉంది: చట్టవిరుద్ధంగా వచ్చినవాళ్లను ఇండియాకు పంపేశాం, మిలిటరీ విమానంలో ఇంతదూరం పంపడం ఇదే మొదలు, దొంగదారిన వస్తే మీకూ ఇంతే.

మీరు దాన్ని ఎన్నోసారి చూస్తున్నారో లెక్క తప్పుతుంది. మధ్యాహ్నం ఫేక్‌ అన్నది ఇదే కదా? ఫొటో గ్వాటెమాలావాళ్లదే. సంకెళ్లు మాత్రం మనవాళ్లకూ వేశారు. గ్వాటెమాలా ఫొటోను పట్టుకుని ఆ నిజాన్ని ఊహించినవాడికి మధ్యాహ్నం ‘ఫేక్‌’ ముద్ర పడింది. ముద్ర పొరపాటు కాదు. దాని వెనకాల మనం మోసుకుపోయిన అర్థమే పొరపాటు.

ఇంకోటి గమనించండి. ఈ వీడియోను దొంగచాటుగా ఎవరో బయటపెట్టలేదు. జర్నలిస్టు తవ్వి తీయలేదు. పంపినవాళ్లే తీసి, కత్తిరించి, సంగీతం కలిపి, పంచిపెట్టారు. అమెరికాను తిట్టే ఛానెల్‌ అదే వాడింది, ‘తగిన శాస్తి’ అన్న ఛానెల్‌ కూడా అదే వాడింది. మీ డెస్క్‌ మాత్రం సంగీతం తీసేసి మన విషాద సంగీతం వేసింది. కాళ్లు అవే.

మర్నాడు పార్లమెంటు మకరద్వారం దగ్గర కొందరు ప్రతిపక్ష ఎంపీలు చేతులకు బేడీలు తగిలించుకుని నిలబడ్డారు. కెమెరాలకు పండగ. లోపల రాజ్యసభలో విదేశాంగ మంత్రి జైశంకర్‌ ఇది కొత్తేమీ కాదన్నారు. ఇలా పంపేటప్పుడు సంకెళ్లు వేసే పద్ధతి 2012 నుంచీ అమల్లో ఉందనీ, మహిళలకూ పిల్లలకూ వేయరని అమెరికా చెప్పిందనీ అన్నారు. మహిళలకూ వేశారని దిగినవాళ్లలో కొందరు చెప్పారు. ఆయన ఏడాదివారీ లెక్క కూడా చదివారు. 2009లో 734. 2019లో 2042. 2024లో 1368.

ఆ 2042 మంది ఎక్కడ దిగారు? ఎవరి ట్రైపాడ్‌ ఎదురుచూసింది? 2024 అక్టోబరులో కూడా ఒక చార్టర్‌ విమానం నిండా జనాన్ని అమెరికా భారత్‌కు తిప్పి పంపింది, పత్రికా ప్రకటన కూడా ఇచ్చింది. తోక కూడా ఎవరూ తీయలేదు. మనిషి అవమానం ఒకటే, మారింది వాహనం. రాయిటర్స్‌ లెక్క ప్రకారం సీ-17 గాల్లో గంట ఎగిరితే 28,500 డాలర్లు. అద్దె విమానం అంతకంటే తక్కువకే వస్తుంది. అంత డబ్బు పోసి మిలిటరీ విమానం ఎందుకు పంపుతారు? నన్నడిగితే, వాళ్లు డబ్బు పెట్టింది ప్రయాణానికి కాదు, విజువల్‌కి.

ఇదే కాళ్ల షాట్‌ తెలుగు తెరకు ముందే తెలుసు. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రై వ్యాలీ యూనివర్సిటీ మీద దాడి జరిగినప్పుడు అక్కడి విద్యార్థుల్లో చాలామంది తెలుగువాళ్లు. కొందరి చీలమండలకు రేడియో పరికరాలు బిగించారు. ఆ వారం ఛానెళ్లు ఊగిపోయాయి. ప్యాంటు కొద్దిగా పైకి లాగిన కాలు, నల్లటి పట్టీ. ఢిల్లీ అది అమానుషమంది. హైదరాబాద్‌లోని అమెరికా కాన్సులేట్‌ అధికారిణి ఒకరు అది అక్కడ ఫ్యాషనే అన్న ధోరణిలో మాట్లాడి మంటలో నెయ్యి పోశారు. మిషిగన్‌లో ఫార్మింగ్టన్‌ యూనివర్సిటీ పేరిట అమెరికా ప్రభుత్వమే బోగస్‌ కాలేజీ పెట్టి వేసిన వల 2019లో బయటపడింది. మొదట పట్టుబడిన 130 మందిలో 129 మంది భారతీయులు. విద్యార్థులను చేర్పించిన దళారులని ఎనిమిది మందిని పట్టుకుంటే వాళ్లూ మనవాళ్లే. అప్పుడు ‘అమాయక విద్యార్థులు’ అన్నాం. అమృత్‌సర్‌లో దిగినవాళ్లు ‘అక్రమ వలసదారులు’. అమెరికా చట్టంలో వీసా గడువు దాటాక ఉండిపోవడం సివిల్‌ ఉల్లంఘన. దొడ్డిదారిన గోడ దాటడం నేరమే, కానీ మొదటిసారికి గరిష్ఠంగా ఆరు నెలల శిక్షపడే చిన్న నేరం. కాళ్లకు గొలుసు చూశాక ఇంట్లో టీవీ ముందు కూర్చున్నవాడికి ఇవన్నీ ఎందుకు? దొంగ అనేసుకుంటాడు.

ఫిబ్రవరి 15న రెండో విమానం, 16న మూడోది. ఇప్పుడు గేటు దగ్గర ఎక్కడ నిలబడాలో మీకు తెలుసు. సిక్కు యువకులు కొందరు తలపాగా లేకుండా దిగారు. శిరోమణి గురుద్వారా ప్రబంధక్‌ కమిటీ వాళ్లు లోపలికి తలపాగా గుడ్డలు పంపారు. హరియాణా తన జనం కోసం ఖైదీల బండి పంపిందని పంజాబ్‌ మంత్రి ఒకరు మండిపడ్డారు. సముద్రం అవతల గొలుసులకు గుండెలు బాదుకున్న దేశంలో ఇంటికి చేర్చే బండికి ఊచలు.

18న వైట్‌హౌస్‌ సొంత ఖాతాలో ఇంకో వీడియో. హెడ్‌ఫోన్లు పెట్టుకోండి. దీనికి సంగీతం లేదు. ఏఎస్‌ఎంఆర్‌ అని పేరు పెట్టారు. కాగితం నలిపిన చప్పుడు, గుసగుసలు వింటూ జనం హాయిగా నిద్రపోవడానికి చూసే వీడియోలు ఉంటాయే, ఆ బాపతు. ఇందులో చప్పుడు గొలుసులది. బుట్టలోంచి తీస్తుంటే గలగల, నేల మీద పరుస్తుంటే గలగల, ఒకడి నడుముకు చుడుతుంటే క్లిక్కు. మెట్లు ఎక్కే కాళ్లు. ముఖం ఎక్కడా లేదు. ఎలాన్‌ మస్క్‌ దాన్ని పంచుకుంటూ నవ్వారు. ఇది హెచ్చరిక కూడా కాదు. హెచ్చరికకు ఎదుటివాడు మనిషని ఒప్పుకోవాలి కదా.

ఏప్రిల్‌. అమెరికాలో విద్యార్థుల వీసాలు హఠాత్తుగా రద్దవుతున్నాయని గోల. ఈసారి మనోళ్లున్నారు, చాలామంది. వార్త బులెటిన్‌ తలకెక్కింది. ఢిల్లీ ఆఫీసులో కూర్చుని మీ ఛానెలే చూస్తున్నారు. యాంకర్‌ డాలస్‌ గురించి, ఎంఎస్‌ పిల్లల గురించి చెబుతుంటే వెనకాల అవే కాళ్లు, అదే ర్యాంపు. మీరు ఫోన్‌ చేస్తారు.

“అన్నా, అవి స్టూడెంట్స్‌వి కావు. ఫిబ్రవరిలోవి.”

“మూలన ‘ఫైల్‌’ అని వేశాం కదా తమ్ముడూ. వేరే విజువల్‌ ఏముంది మన దగ్గర?”

“ఆ రోజు ఊళ్లో తీసింది ఉందన్నా. ఆ అబ్బాయి మొత్తం చెప్పాడు. అడవి, ఏజెంటు, అప్పు.”

“ఎంత ఉంది?”

“నలభై నిమిషాలు.”

“ఇరవై సెకన్లకు కట్‌ చేసి పంపు. కాళ్లు కనిపించేట్టు చూడు.”