కల్యంపూడి వారిని ఏ తూకంతో తూచాలి?



మనవాళ్ళలో ఎవరైనా ప్రొఫెసర్‌కు ఉగాది సన్మానం చేద్దామనుకోగానే ఈమధ్య ఒక ప్రశ్న వినిపిస్తోంది: "ఆయనకు సైటేషన్లు ఎన్ని? హెచ్-ఇండెక్స్ ఎంత?" అడగడం తప్పు కాదు. శాలువా ఎవరికి కప్పుతున్నామో తెలుసుకోవాలి కదా! అయితే ఆ అంకెలు ఏం చెబుతాయో, ఏం చెప్పలేవో తెలియకపోతే మనవాళ్ళ గొప్పతనం మనకే కనబడదు. మన మధ్య నుంచి వెళ్ళిన ఒక పెద్దాయన కథే ఇందుకు సాక్ష్యం.

ఆయన కల్యంపూడి రాధాకృష్ణారావు గారు, లోకానికి సి.ఆర్. రావు. 1920 సెప్టెంబరు 10న హడగలిలో ఒక తెలుగు ఇంట పుట్టారు. ఆ మల్లెపూల ఊరు ఇప్పుడు కర్ణాటకలోని విజయనగర జిల్లాలో ఉంది. అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలో, బళ్ళారి జిల్లా. ఎనిమిదో సంతానం కనుక కృష్ణుడి పేరు పెట్టారు. తండ్రిది పోలీసు ఉద్యోగం. బదిలీల వెంట గూడూరు, నూజివీడు, నందిగామ తిరిగి కుటుంబం విశాఖ చేరింది. తెల్లవారుజామున నాలుగింటికే తల్లి లక్ష్మీకాంతమ్మ గారు లేపి, దీపం వెలిగించి చదివించేవారని ఆయనే ఒక పుస్తకం అంకితంలో రాసుకున్నారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ఎం.ఎ. చేసి, ఉద్యోగం వెతుక్కుంటూ కలకత్తా వెళ్ళి, 1941లో మహలనోబిస్ గారి ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరారు.

1945లో కలకత్తా మ్యాథమెటికల్ సొసైటీ బులెటిన్‌లో ఆయన వ్యాసం ఒకటి అచ్చయింది. పదకొండు పేజీలు. అప్పటికి పాతికేళ్ళ కుర్రవాడు. చేతిలో ఉన్న సమాచారంతో ఎంత తెలివిగా అంచనా కట్టినా పొరపాటు ఒక హద్దుకన్నా తగ్గదని అందులో నిరూపించారు. అదే 'క్రామర్-రావు హద్దు'. ఉన్న అంచనాను మెరుగుపరిచే దారి కూడా అందులోనే ఉంది. దాన్ని 'రావు-బ్లాక్‌వెల్ సిద్ధాంతం' అంటారు. రాడార్ మొదలు వైద్య పరిశోధన దాకా ఈ పని వాడుకలో ఉంది.

ఇక లెక్కల సంగతి చూద్దాం. ఒక పరిశోధకుడు తన వ్యాసంలో "ఫలానా వారి పని ఆధారంగా రాశాను" అని చూపిస్తే అది ఒక సైటేషన్. వీటిని పోగుచేసి సూచిక తయారుచేయాలని అమెరికాలో యూజీన్ గార్ఫీల్డ్ 1955లో ప్రతిపాదించి, 1960ల్లో అమల్లో పెట్టారు. 1965లో డెరెక్ ప్రైస్ ఈ ఉదహరింపులన్నీ కలిసి ఒక వలలా ఎలా అల్లుకుంటాయో చూపించారు. 2005లో భౌతిక శాస్త్రవేత్త హోర్హే హిర్ష్ హెచ్-ఇండెక్స్ తెచ్చారు. ఇరవై వ్యాసాల్లో ఒక్కొక్కదానికి కనీసం ఇరవై సైటేషన్లుంటే ఆ అంకె ఇరవై. ఒకే వ్యాసాన్ని లక్షమంది ఉదహరించినా, ఈ లెక్కలో అది ఒక్క వ్యాసమే!

రావు గారి విషయంలో ఈ తూకం మూడు చోట్ల తప్పుతుంది.

మొదటిది, ఒక పని మరీ గొప్పదైతే అది పాఠ్యపుస్తకంలోకి ఎక్కుతుంది. అప్పుడు దాన్ని అందరూ వాడతారు, మూల వ్యాసాన్ని ఉదహరించడం మానేస్తారు. సామాజిక శాస్త్రవేత్త రాబర్ట్ మెర్టన్ ఈ సంగతిని ఏనాడో గుర్తించారు. క్రామర్-రావు పేరు చెప్పి సరిపెట్టిన ప్రతి చోటా 1945 నాటి వ్యాసానికి ఒక సైటేషన్ తగ్గినట్టే.

రెండోది, పేర్ల మధ్య ఆ చిన్న గీత చూసి వాళ్ళు కలిసి పనిచేశారనుకుంటాం. కాదు. స్వీడన్‌లో క్రామర్ 1946లో, అమెరికాలో బ్లాక్‌వెల్ 1947లో, ఎవరికి వారే ఆ ఫలితాలు ప్రకటించారు. కలిసి రాసిన వ్యాసాలను బట్టి వల గీస్తే ఈ బంధాలు అందులో పడవు.

మూడోది, తరగతి గది. 1944 ప్రాంతంలో రావు గారు కలకత్తాలో పాఠం చెబుతుంటే, పెద్ద నమూనాలకు ఫిషర్ చెప్పిన ఫలితం చిన్న నమూనాలకూ వర్తిస్తుందా అని ఒక విద్యార్థి అడిగాడు. ఆ రాత్రే రావు గారు దాన్ని సాధించి, మర్నాడు తరగతిలో చెప్పారు. అడిగిన విద్యార్థి వి.ఎం. దండేకర్, తర్వాత పుణెలో పేదరికం మీద చేసిన అధ్యయనంతో పేరుపొందిన ఆర్థికవేత్త ఆయనే. ఆ ప్రశ్నకు సైటేషన్ ఎవరిస్తారు? అలాగే మద్రాసులో పుట్టిన ఎస్.ఆర్.ఎస్. వరదన్ రావు గారి దగ్గర పరిశోధన చేసి, 2007లో ఏబెల్ బహుమతి అందుకున్నారు. గురువు హెచ్-ఇండెక్స్‌లో శిష్యుడి బహుమతి కలవదు.

2023లో గణాంకశాస్త్ర అంతర్జాతీయ బహుమతి రావు గారికి ప్రకటించారు. అప్పుడాయన వయసు 102. ఎంచుకున్నది ఆ 1945 నాటి పనినే! 78 ఏళ్ళు పట్టింది. అదే ఏడాది ఆగస్టు 22న ఆయన కన్నుమూశారు.

అంకెలను పారేయమని మేము అనడం లేదు. పలుకుబడి లేని చిన్న ఊరి పరిశోధకుడి పని బయటపడడానికి అవే ఆసరా. అయితే వైద్యంలో సైటేషన్లు కుప్పలుగా వస్తాయి, గణితంలో పొదుపుగా వస్తాయి. రెండింటినీ ఒకే కాటాలో పెట్టకూడదు. మన సరిహద్దు ఊళ్ళ శాసనాల మీద తెలుగులోనో కన్నడంలోనో తమిళంలోనో ఒడియాలోనో రాసే పండితుల వ్యాసాలు చాలావరకు ఆ సూచికల్లోకే ఎక్కవు. అంకెలే చూస్తే వాళ్ళకు మన వేదిక మీద కూడా చోటుండదు.

అందుకని ఈసారి పేర్లు పంపేటప్పుడు అంకెతోపాటు మూడు ముక్కలు రాయండి: ఆయన పనిని ఇవాళ ఎవరు వాడుకుంటున్నారు? ఎవరి దగ్గర నేర్చుకున్నారు? ఎవరిని తయారుచేశారు? ఈ మూడింటికీ జవాబుంటే, సైటేషన్లు పదే ఉన్నా ఆ పేరు మన పరిశీలనలో ఉండాలి.