ఎనిమిది కిలోబైట్లు

పోయిన ఎండాకాలం సిద్దిపేటకు వెళ్ళినప్పుడు, హైస్కూల్లో నాకు తెలుగు చెప్పిన సారు ఫోన్ చేసి ఇంటికి రమ్మన్నారు. ఆయన దగ్గర నాలుగు డిస్కుల స్టోరేజి పెట్టె ఒకటి ఉంది. పదేళ్ళుగా స్కాన్ చేసిన పాత పత్రికలు, యక్షగానం పుస్తకాలు, వాళ్ళమ్మ చేత్తో రాసుకున్న బతుకమ్మ పాటల నోటుబుక్కు, అన్నీ అందులోనే ఉన్నాయి. కాగితాలు ఇల్లు మారేటప్పుడు కొన్ని పోయాయి, మిగిలినవి చెదలు తినేశాయి.

"నిన్నటిదాంక లైటు పచ్చగనే ఉండె. పొద్దుగాల చూస్తే ఎర్రగైంది. రిపేర్ అని బటనొకటి చూపిస్తున్నది. ఒత్తమంటవా బిడ్డా?"

"వద్దు సార్. ఏం ముట్టుకోకండి."

ఆ 'వద్దు' వెనక దాదాపు యాభై ఏళ్ళ చరిత్ర ఉంది. ఈ వ్యాసం దాని గురించే.

తొలినాళ్ళ యూనిక్స్‌లో కరెంటు పోయి మిషను ఆగిపోతే ఫైళ్ళ లెక్కలు తప్పేవి. ఐచెక్, డీచెక్ అనే చిన్న ప్రోగ్రాములు తప్పులను చూపించేవి, సరిచేసే పని మాత్రం చాలావరకు మనిషిదే. డెబ్భైల చివర్లో బెల్ ల్యాబ్స్‌లో టెడ్ కొవాల్‌స్కీ రాసిన ఎఫ్‌ఎస్‌సీకే ఈ పనులన్నిటినీ ఒకచోటికి తెచ్చింది. ఏ ఫోల్డరుకూ చెందకుండా మిగిలిన ఫైళ్ళను అది 'లాస్ట్ అండ్ ఫౌండ్' అనే చోట, పేరు లేకుండా ఉత్త నంబరుతో పెడుతుంది. కొమురవెల్లి జాతరలో తప్పిపోయిన పిల్లలను మైకు దగ్గర కూర్చోబెడతారు చూడండి, అట్లా.

ఒక్క విషయం గుర్తుపెట్టుకోవాలి. ఎఫ్‌ఎస్‌సీకే చూసేది పుస్తకం పేరూ, బీరువాలో దాని చోటూ సరిపోయాయా లేదా అన్నదే. పుస్తకం తెరిచి చదవడం దాని పని కాదు.

1988లో బర్క్‌లీ నుంచి ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ 'రెయిడ్' పత్రం తెచ్చారు. ఖరీదైన పెద్ద డిస్కు ఒక్కటి కొనే బదులు చవక డిస్కులు కొన్ని కలిపి వాడదాం, ఒకటి చచ్చినా నడిచేలా కొంత అదనపు సమాచారం దాచుకుందాం అన్నది ఆలోచన. సారు పెట్టెలో ఉన్నది రెయిడ్ ఐదు. మూడు అంకెలనూ, వాటి మొత్తాన్నీ నాలుగు చీటీల మీద రాసిపెట్టుకోండి. ఏ ఒక్క చీటీ పోయినా మిగిలిన మూడింటితో లెక్కగట్టవచ్చు. రెండు పోతే ఇక లెక్క లేదు. రిపేర్ బటన్ ఒత్తితే, బతికున్న మూడు డిస్కులనూ మొదటి నుంచి చివరిదాకా చదివి నాలుగోదాన్ని తిరిగి కట్టడం మొదలుపెడుతుంది. ఆ మూడింట్లో ఇంకొకటి బలహీనంగా ఉంటే ఆ చదువుడుకే పడిపోవచ్చు.

అందుకని లాప్‌టాప్‌లో నల్లతెర తెరిచి పెట్టె లోపలికి లాగిన్ అయ్యాను. ముందు ఎండీస్టాట్ ఫైలు చదివాను. బతికున్న ప్రతి డిస్కుకూ ఒక 'యూ', లేనిదానికి ఒక గీత. మూడు యూలు, ఒక గీత. తర్వాత స్మార్ట్‌సీటీఎల్‌తో మిగిలిన మూడింటినీ ఒక్కొక్కటిగా అడిగాను.

డిస్కు తన ఆరోగ్యాన్ని తానే చెప్పుకునే ఈ 'స్మార్ట్' పద్ధతి తొంభైల్లో ఐబీఎం, కాంపాక్ వంటి కంపెనీల ప్రయత్నాల నుంచి వచ్చింది. ఆ కబుర్లు చదివిపెట్టే స్మార్ట్‌మాన్‌టూల్స్‌ను 2002లో మొదలుపెట్టింది బ్రూస్ ఆలెన్. ఆయన గురుత్వ తరంగాల మీద పనిచేసే భౌతికశాస్త్రవేత్త. లెక్కలకు వాడే కంప్యూటర్ల నిండా డిస్కులే, అవి చచ్చేముందు తెలియాలన్నది ఆయన అవసరం.

కానీ డిస్కు చెప్పే మాటను ఎంతవరకు నమ్మాలి? 2007లో గూగుల్ ఇంజనీర్లు లక్షకు పైగా డిస్కులను పరిశీలించి ఒక పత్రం రాశారు. పాడైన డిస్కుల్లో సగానికి పైగా, ముఖ్యమైన నాలుగు హెచ్చరికల్లో ఒక్కటి కూడా ఇవ్వకుండానే పోయాయి. అంటే హెచ్చరిక వస్తే భయపడాలి, రాకపోతే ధైర్యపడకూడదు.

సారు పెట్టెలో మూడో డిస్కు పైన 'పాస్డ్' అనే రాసి ఉంది. కిందికి వస్తే 197వ నంబరు వరుసలో, అంటే చదవలేక పక్కన పెట్టిన సెక్టార్ల లెక్కలో, 24 కనిపించింది. రిపేర్ ఒత్తి ఉంటే అది ఈ డిస్కు మీదుగానే పోయేది.

పెట్టె ఆపేసి, డిస్కులు బయటికి తీసి, మూడోదాన్ని డీడీరెస్క్యూతో కొత్త డిస్కులోకి కాపీకి పెట్టాను. సులువుగా వచ్చేదంతా ముందు తీసుకుని, మొండికేసిన చోట్లకు చివర్లో తిరిగి వచ్చే ప్రోగ్రాం అది. రాత్రంతా నడిచింది. తెల్లారేసరికి మూడు టెరాబైట్లలో రానిది ఎనిమిది కిలోబైట్లు మాత్రమే. ఆ కాపీనీ మిగిలిన రెండు డిస్కులనూ కలిపి, రాయడానికి వీల్లేకుండా చదవడానికి మాత్రమే తెరిచాను. ఏమీ మార్చవద్దని చెప్పి ఎఫ్‌ఎస్‌సీకే నడిపాను. 'క్లీన్' అంది.

సారు చాయ్ తాగుతూ ఒక్కో ఫోల్డరూ తెరుస్తున్నారు. నోటుబుక్కు దగ్గర ఆగారు. రెండు పేజీలు పైసగం ఉన్నాయి, కింద సగం బూడిదరంగు. ఫైలు పేరు ఉంది, సైజు ఉంది, చోటు సరిగ్గా ఉంది. అమ్మ అక్షరాలే లేవు. ఆ ఎనిమిది కిలోబైట్లు అవే.

అప్పుడు నాకు సి.పి. బ్రౌన్ గుర్తొచ్చాడు. 1829లో వేమన పద్యాలు అచ్చువేసే ముందు ఆయన ఊరూరి నుంచి తాళపత్రాలు, రాతప్రతులు తెప్పించి పక్కపక్కన పెట్టి పోల్చాడు. తర్వాత పండితులను, లేఖకులను జీతాలిచ్చి పెట్టుకుని ఇదే పని ఏళ్ళ తరబడి చేయించాడు. బీరువాలో ప్రతి ఉందా అని కాదు, అందులో ఉన్న మాట సరైనదేనా అని అడిగాడు. కంప్యూటర్లలో ఆ ప్రశ్నను ఫైల్ సిస్టమే అడగడం ఆలస్యంగా మొదలైంది. సన్ కంపెనీ 2005లో బయటపెట్టిన జెడ్‌ఎఫ్‌ఎస్ ప్రతి ముక్కకూ ఒక చెక్‌సమ్ రాసుకుని, 'స్క్రబ్' అనగానే అన్నిటినీ తిరిగి చదివి పోల్చుకుంటుంది. అయినా తప్పు దొరికాక దిద్దడానికి ఇంకో ప్రతి ఉండాలి. బ్రౌన్‌కైనా అంతే.

సారు దగ్గరున్న అచ్చుపుస్తకాల్లో చాలావాటికి ఆ ఇంకో ప్రతి ఉంది. రాజ్ రెడ్డి ప్రోత్సాహంతో నడిచిన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియాలో స్కానయినవి అవి. తర్వాత ఆ సైటు మూతపడినా, అంతకుముందే చాలా పుస్తకాలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌కు చేరాయి కాబట్టి దొరుకుతున్నాయి. నోటుబుక్కుకు అట్లాంటి ప్రతి లేదు. అది సారు ఇంట్లోనే, ఒకే పెట్టెలో ఉంది. నాలుగు డిస్కులున్నాయి కదా అని మేమందరం దాన్నే బ్యాకప్ అనుకున్నాం.

చచ్చిన డిస్కు ఎప్పుడు చచ్చిందో లాగులో వెతికాను. ఐదు నెలల కిందట. పెట్టె కూతపెట్టింది, సారు మనవడు చదువుకు అడ్డమని దాని నోరు మూయించాడు. ఈమెయిళ్ళు కూడా వచ్చాయి, ఎవరూ తెరవని చిరునామాకు. ఆ చిరునామా పెట్టిచ్చింది నేనే, పెట్టె కొన్నరోజు.

ఆ సంగతి సారుకు చెప్పాను. ఆయన ఏమీ అనలేదు. తెరమీద మొదటి పేజీ చూస్తూ, కింద సగంలో ఉండాల్సిన పాటను నెమ్మదిగా పాడారు, నేను టైపు చేసుకున్నాను. రెండో పేజీ పాట రెండు చరణాల దగ్గర ఆగిపోయింది.

"మా చెల్లెకు వస్తదేమో. దుబ్బాకల ఉంటది. రేపు పోదామా?"

పోయేముందు రెండు కాపీలు తీశాను. ఒకటి సారు బీరువాలో ఉంది, ఇంకొకటి నాతో హైదరాబాదుకు వచ్చింది. నెలకోసారి చెక్‌సమ్‌లు పోల్చే స్క్రిప్టు కూడా రాశాను. ఈసారి మెయిలు నాకే వస్తుంది.