తలారిని ఈడ్చుకెళ్లిన రోజు

1959 మే. స్పెయిన్‌లోని వలెన్సియా జైలు. విషం పెట్టి యజమానురాలిని చంపిందన్న నేరం మీద ఒక పనిమనిషికి మరణశిక్ష పడింది. అప్పట్లో అక్కడ ఉరితాడు వాడేవారు కాదు. గర్రోత్ అనే సాధనం ఉండేది. మనిషిని కూర్చోబెట్టి, మెడకు ఇనుప పట్టీ వేసి, వెనక నుంచి మర తిప్పి బిగించేవారు. తీరా వేళయ్యేసరికి తలారి కాళ్లూ చేతులూ ఆడక మొరాయించాడు. చివరికి అతన్నే లాక్కెళ్లాల్సి వచ్చింది.

ఈ సంగతి ఒక న్యాయవాది ద్వారా దర్శకుడు లూయిస్ గార్సియా బెర్లాంగా చెవిన పడింది. వినగానే ఆయన కళ్లకు ఒక దృశ్యం కట్టింది. బోసిగా ఉన్న పెద్ద తెల్లటి ఆవరణలో రెండు గుంపులు. ఒకటి చావాల్సినవాణ్ని తీసుకెళ్తోంది, ఇంకొకటి చంపాల్సినవాణ్ని ఈడ్చుకెళ్తోంది. అలా 'ఎల్ వెర్దుగో' (తలారి) సినిమాకు ముగింపే ముందు పుట్టింది.

మరి మామూలు మనిషి ఆ ఆవరణ దాకా ఎలా వస్తాడు? రచయిత రఫాయెల్ అస్కోనాతో కలిసి బెర్లాంగా అల్లిన కథంతా దీనికి జవాబే. ఇటలీ రచయిత ఎన్నియో ఫ్లయానో కూడా రచనలో పాలుపంచుకున్నాడు. శవపేటికలు మోసే హోసే లూయిస్ ఒక ముసలి తలారి కూతుర్ని చేసుకుంటాడు. మామకు రావలసిన సర్కారు ఇల్లు ఆయన రిటైరైతే చేజారిపోతుంది. అల్లుడు ఆ ఉద్యోగంలో చేరితేనే దక్కుతుంది. పని పడదులెమ్మని మామ నచ్చజెబుతాడు. అల్లుడు సంతకం పెడతాడు.

పిలుపు రానే వస్తుంది. మయోర్కా ద్వీపంలో, గుహలోని సరస్సు దగ్గర భార్యతో కూర్చుని సంగీతం వింటుంటే, పోలీసులు పడవలో వచ్చి చీకట్లో అతన్ని పేరు పెట్టి పిలుస్తారు. నవ్వు వస్తుంది, ఆ వెంటనే గొంతులో అడ్డం పడుతుంది.

1963 ఆగస్టులో స్పెయిన్ నియంత ఫ్రాంకో ప్రభుత్వం ఇద్దరు అరాచకవాదులను గర్రోత్‌తో చంపింది. కొద్ది రోజులకే వెనిస్ చలనచిత్రోత్సవంలో ఈ సినిమా విమర్శకుల బహుమతి గెలుచుకుంది. ఇది దేశం మీద దుష్ప్రచారమని రోమ్‌లోని స్పెయిన్ రాయబారి మండిపడ్డాడు. సెన్సారు కత్తెర వేసింది. తలారి సంచిలో ఇనుము గలగలలాడే చప్పుడును కూడా వదల్లేదు.

ఇక చేయనని అల్లుడు సినిమా చివర మొత్తుకుంటాడు. మొదటిసారి తానూ అదే అన్నానంటాడు మామ. నిజ జీవితంలోనూ అంతే జరిగింది. 1959లో ఈడ్చుకెళ్లిన ఆ తలారే 1974లో బార్సెలోనాలో మళ్లీ మర తిప్పాడు. 1978 రాజ్యాంగం యుద్ధకాలపు సైనిక చట్టాలకు తప్ప మరణశిక్షను రద్దు చేసింది. 1995లో ఆ మినహాయింపూ పోయింది. చట్టం తనంతట తాను ఎవర్నీ చంపదు, ఇంటికో జీతానికో లొంగిన ఒక మనిషి చేత చంపిస్తుంది. మరణశిక్ష గురించి మాట్లాడేటప్పుడు ఆ మనిషిని కూడా లెక్కలోకి తీసుకోవాలని ఈ సినిమా గట్టిగా చెబుతుంది.