ఆ పడకకు డబ్బు కట్టిందెవరు?

సీతంపేటలో ఉన్నన్నాళ్లూ ఆస్పత్రి ఖర్చంటే నాకు ఒకటే లెక్క: గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏ చూసుకుంటుంది. నర్సు ఉద్యోగానికి ఇంగ్లండు వచ్చి, ప్లిమత్‌లో నౌకాదళపు రేవు డెవన్‌పోర్ట్ పక్కన కాపురం పెట్టాకే, డబ్బిచ్చేవాడు ఎవరి కోసం ఇస్తాడన్న ప్రశ్న పట్టుకుంది.

ఇక్కడ 1863లో రాయల్ ఆల్బర్ట్ ఆస్పత్రి తెరిచారు. మరుసటి ఏడాదే పార్లమెంటు అంటువ్యాధుల చట్టం చేసింది. పేరు చూసి కలరా, మశూచి అనుకునేరు. అది సుఖవ్యాధుల కోసం. సైన్యంలో జబ్బుపడిన ప్రతి ముగ్గురిలో ఒకరికి అప్పట్లో సవాయో సెగో ఉండేది. దాంతో నౌకాదళ శాఖ, యుద్ధ శాఖ ఇలాంటి ఆస్పత్రుల్లో పడకలకు డబ్బు కట్టాయి.

ఆ పడకలు సిపాయిలకు కాదు, రేవుల్లో, దండుల్లో బతికే ఆడవాళ్లకు. మఫ్టీ పోలీసు అనుమానపడితే చాలు, పరీక్షకు వెళ్లాల్సిందే. రోగం ఉందంటే 1869 నాటికి 9 నెలల దాకా లోపలే ఉంచవచ్చు. సిపాయిలకు చేసే పరీక్షలు మాత్రం 1859లోనే మానేశారు. ఆ పడకలున్న ఆస్పత్రులను లాక్ ఆస్పత్రులనేవారు. ఆ పేరు లండన్‌లోని ఓ పాత కుష్ఠు ఆశ్రమం నుంచి వచ్చింది, నేరుగా తాళం నుంచి కాదు. చట్టం వచ్చాక తాళమూ పడింది.

మద్రాసు ప్రెసిడెన్సీలోనైతే ఈ ఆస్పత్రులు 1805లోనే మొదలయ్యాయి. సికింద్రాబాద్, బళ్లారి దండుల్లోనూ నడిచాయి. మన దేశంలో తెల్ల సైన్యాన్ని పోషించింది మన పన్నులే. దాని సుఖవ్యాధుల ఖర్చూ ఆ మూటలోంచే పోయింది. 16వ శతాబ్దపు మన వైద్యగ్రంథం ‘భావప్రకాశ’ సవాయికి పెట్టిన పేరు ఫిరంగ రోగం, అంటే పరంగివాళ్ల జబ్బు. పరంగివాళ్ల చట్టమేమో నేరాన్ని మన ఆడవాళ్ల మీద వేసింది.

ఉద్యమకారిణి జోసెఫిన్ బట్లర్‌తో కలిసి ఇక్కడి ఆడవాళ్లు ఏళ్ల తరబడి పోరాడితే 1886లో చట్టం రద్దయింది. ఇండియాలో తెచ్చిన ఇలాంటి చట్టం 1888 దాకా నిలిచింది. 1916లో ఇక్కడ సుఖవ్యాధులపై కొత్త నిబంధనలొచ్చాయి: ఎవరొచ్చినా ఉచిత వైద్యం, వివరాలు గోప్యం, ఖర్చులో 75 శాతం కేంద్ర ప్రభుత్వానిది.

ఇప్పుడు మా సుఖవ్యాధుల క్లినిక్‌లో పేరు పెట్టి పిలవం, నంబరు పిలుస్తాం. ఆడవాళ్ల పక్కన, అదే బల్ల మీద, నావికుడూ తన వంతు కోసం కూర్చుంటాడు.