నలభై దాటిన విద్యార్థి - అల్‌బిరూనీ

“మొక్కై వంగనిది మానై వంగునా” అన్న సామెతను పెద్దల చదువుకు అన్వయించడం పరిపాటి. ఇస్లామీయ విద్యాచరిత్ర ఈ మాటను సమర్థించదు. దైవప్రవక్త (స) సహచరులు పెద్ద వయసులో సయితం విద్య నేర్చారని ఇమామ్ బుఖారీ (రహ్) తమ ‘సహీహ్’లోని విద్యా ప్రకరణంలో పేర్కొన్నారు. పెద్దలకు విద్య ఎలా పట్టుబడుతుందో తెలుసుకోవడానికి అబూ రైహాన్ అల్‌బిరూనీ జీవితం చక్కని నిదర్శనం.

క్రీ.శ. 973 (హి. 362)లో ఖ్వారిజ్మ్‌లో జన్మించిన అల్‌బిరూనీ, 1017లో సుల్తాన్ మహమూద్ ఆ దేశాన్ని జయించిన పిదప గజనీ చేరారు. అప్పటికే ఆయన గణిత, ఖగోళ శాస్త్రాలలో ఉద్దండులు. హిందూదేశపు శాస్త్రాలను మూలభాషలోనే గ్రహించాలని నలభై దాటిన వయసులో సంస్కృతాభ్యాసానికి పూనుకొన్నారు.

ఆటంకాలు తక్కువేమీ కావు. ఒకే వస్తువుకు అనేక నామాలు, ఒకే పదానికి అనేకార్థాలు, అరబీలో లేని ధ్వనులు, లేఖకుల తప్పులు. పండితుల నోట విన్న మాటను జాగ్రత్తగా రాసుకొని తిరిగి పలికితే వారికే అది బోధపడేది కాదట! పైగా మహమూద్ దండయాత్రల మూలంగా హిందూ విద్వాంసులు కాశ్మీర్, కాశీ వంటి దూరప్రాంతాలకు తరలిపోయారని ఆయనే రాశారు. అయినా శ్రమకు, ధనవ్యయానికి వెనుదీయక గ్రంథాలను సేకరించారు, పండితులను దూరం నుంచి రప్పించుకొన్నారు.

ఆయన నేర్చిన తీరు గమనార్హం. హిందూ జ్యోతిశ్శాస్త్రవేత్తల ముందు మొదట శిష్యునిగా నిలిచారు. భాష కొత్తదే గాని విషయం పరిచితమైనది. గ్రహగతులు ఎరిగినవానికి తెలియని పదం కూడా సందర్భాన్ని బట్టి అందుతుంది. కొంత పట్టుబడగానే గణితోపపత్తులను ఆ పండితులకే బోధించసాగారు. సాంఖ్య, పాతంజల గ్రంథాలను అరబీలోకి అనువదించారు. యూక్లిడ్ గ్రంథాన్ని సంస్కృత శ్లోకాలలో పెట్టే పనికీ పూనుకొన్నారు. పండితుల తోడ్పాటు ఆయనకు చివరివరకు అవసరమైంది. అడగడానికి ఆయన సిగ్గుపడలేదు.

ఈ శ్రమకు ఫలితం 1030 ప్రాంతంలో, దాదాపు 57వ ఏట పూర్తయిన ‘కితాబుల్ హింద్’. పరమతస్థుల విశ్వాసాలను ఖండనకు దిగకుండా, వారి గ్రంథాల నుంచే వివరించిన రచన అది. 1958లో దాని అరబీ మూలాన్ని హైదరాబాద్‌లోని దాయిరతుల్ మఆరిఫ్ ప్రచురించింది.

పసివానికి జ్ఞాపకశక్తి బలం. పెద్దవానికి ప్రయోజన స్పృహ, పూర్వజ్ఞానం, నేర్చినదాన్ని వెంటనే వినియోగించే అవకాశం బలాలు. అడ్డువచ్చేది వయసు కాదు, మళ్ళీ శిష్యునిగా కూర్చోవడానికి ఒప్పుకోని అహం. దాన్ని విడిచినందువల్లనే ఒక యుద్ధకాలంలో రెండు జాతుల నడుమ విద్యాసేతువు నిలిచింది.