వారసుల వాటాలు - దున్నేవారి తిరుగుబాటు

2020లో స్వీడన్ నుంచి వచ్చిన 'క్రూసేడర్ కింగ్స్ 3' అనే కంప్యూటర్ ఆటలో ఆడేవాడు మధ్యయుగపు ప్రభువు. తొలి దశల్లో అతడు చనిపోగానే రాజ్యం కొడుకుల మధ్య చీలుతుంది. పరిమితికి మించిన భూములు తన చేతిలోనే ఉంచుకుంటే నష్టం; మిగిలినవి సామంతులకు పంచక తప్పదు.

ఇది వట్టి కల్పన కాదు. జీతాలిచ్చే ఉద్యోగిగణం లేని భూస్వామ్య వ్యవస్థలో సేవకు ప్రతిఫలం భూమే. 840లో షార్లమేన్ కుమారుడు లూయీ చక్రవర్తి మరణించాడు. అతని ముగ్గురు కొడుకులు కలహించి, 843లో వెర్డూన్ సంధితో సామ్రాజ్యాన్ని వాటాలు వేసుకున్నారు.

అయితే ఆ భూమిని దున్నిందెవరు? ఆటలో వారు పన్నుగా, సైనికుల లెక్కగా మిగులుతారు. తిరగబడితే రాజుకు వచ్చిన ఆపద అవుతారు. చరిత్రలో వారికీ ఒక కోరిక ఉంది. అన్నదమ్ములు పోరాడుతుండగానే, 841లో సాక్సనీలో సామాన్య స్వతంత్రులూ అర్ధస్వతంత్రులూ ప్రభువులపై లేచారు. అదే స్టెల్లింగా తిరుగుబాటు. పెద్దవాడు లోథార్ పూర్వాచారాలు తిరిగి ఇస్తానని వారిని తనవైపు తిప్పుకున్నాడు. తమ్ముడు లూయీ 842లో కొందరి తలలు నరికించి, కొందరిని ఉరితీయించి అణచివేశాడు. మరుసటి ఏడు అన్నదమ్ములు రాజీపడ్డారు.

వెర్డూన్ సంధిని బోధించే ఉపాధ్యాయుడు స్టెల్లింగాను వదిలిపెడితే, అతడూ ఆ ఆటలోని రాజు కళ్లతోనే చూస్తున్నాడన్నమాట.